టెలిస్కోపు లేని కాలేజీలో చదువుతూ ఆస్ట్రోశాట్ డేటా మీద పనిచేయొచ్చా?

మీ ప్రశ్న: "బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. మా కాలేజీలో చిన్న టెలిస్కోపు కూడా లేదు. ఆస్ట్రోశాట్ డేటా మాలాంటివాళ్లకు ఇస్తారా? ఇచ్చినా ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఏం చేయగలం?"

ఇస్తారు, చేయొచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను చేసింది అదే. టెలిస్కోపు మా డిపార్ట్‌మెంటులోనూ లేదు. ఉన్నా లాభం లేదు లెండి, ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్ నుంచి నేను వాడింది ఎక్స్‌రే డేటా, ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రేలను మన గాలి నేల దాకా రానివ్వదు. అందుకే టీఐఎఫ్ఆర్ (ముంబైలోని టాటా పరిశోధన సంస్థ) వాళ్లు చాలా ఏళ్లపాటు హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర నుంచి పెద్ద బెలూన్లకు డిటెక్టర్లు కట్టి పైకి పంపారు. (పొలంలో బెలూను పెట్టె పడితే ముట్టుకోవద్దని అప్పుడప్పుడూ పేపర్లో వేస్తారే, ఆ బెలూన్లు అక్కడివే.) ఆ జినాన్ గ్యాసు డిటెక్టర్ల అనుభవమే తర్వాత ఆస్ట్రోశాట్‌లో లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రే పరికరం అయింది. ఉపగ్రహం 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది, ఆ గడువు ఎప్పుడో దాటేసింది.

ప్రపోజల్ పెట్టి అబ్జర్వేషన్ చేయించుకున్నవాళ్లకు డేటా మీద కొంతకాలం హక్కు ఉంటుంది. ఆ తర్వాత అది అందరిదీ. బెంగళూరు దగ్గర బ్యాలాళులో ఇస్రో డేటా కేంద్రం ఉంది. దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఉచితంగా దించుకోవచ్చు. నాసా వాళ్ల హీసాఫ్ట్, టీఐఎఫ్ఆర్ వాళ్ల లాక్స్‌పీసీ ప్రోగ్రాములు, అంటే ఈ డేటాను విశ్లేషించేవి, కూడా ఉచితమే. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్) వేసుకోండి, విండోస్‌తో కుస్తీ పట్టకండి.

అసలు కష్టం ఇవేవీ కావు. ఆకాశం చెప్పేదేదో, పరికరం చెప్పేదేదో విడదీయడం కష్టం. నాకెలా తెలిసిందో చెప్తాను.

నేను తీసుకున్నది జీఆర్ఎస్ 1915+105. సూర్యుడికి దాదాపు 12 రెట్ల బరువున్న బ్లాక్ హోల్, పక్కనున్న నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటూ ఉంటుంది. 1992లో కనుక్కున్నారు. ఎక్స్‌రేలలో దీని వెలుగు ఒక్కోసారి ఒక్కో తీరుగా ఆడుతుంది. నేను దించుకున్న డేటాలో ఎక్కడో ఓ పీరియడ్ దాగుంటుందని నా ఆశ. పవర్ స్పెక్ట్రమ్, అంటే వెలుగు ఎన్ని సెకన్లకోసారి మళ్లీ మళ్లీ మారుతోందో చూపే గ్రాఫు, గీశాను. 5,900 సెకన్ల దగ్గర తాటిచెట్టంత శిఖరం! పాత పేపర్లు తిరగేశాను, ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే ప్రింటు తీసి మా ప్రాజెక్టు గైడ్ మేడమ్ బల్ల మీద పెట్టాను.

"నిమిషాల్లో ఎంత?"

"98, మేడమ్."

"ఆస్ట్రోశాట్ 650 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. భూమిని ఓసారి చుట్టి రావడానికి దానికెంత పడుతుందో లెక్క వేశావా?"

వేయలేదు. వేస్తే 98 నిమిషాలు. ప్రతి చుట్టులో అరగంటకు పైగా మన బ్లాక్ హోల్‌కి భూమి అడ్డొస్తుంది. దానికి తోడు దక్షిణ అట్లాంటిక్ మీద రేణువుల వాన కురిసే చోటు దాటేటప్పుడు డిటెక్టర్ల హైవోల్టేజీ తగ్గించేస్తారు. డేటా లేని ఆ ఖాళీలన్నిటినీ నేను సున్నాలతో నింపాను. ప్రోగ్రాము తప్పేమీ చెప్పలేదు: 98 నిమిషాలకోసారి వెలుగు ఆరిపోతోందంది, అంతే. నేను కనిపెట్టింది ఉపగ్రహం తిరగడాన్ని.

మేడమ్ నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. "ఖాళీలు వదిలెయ్. ఒక్క చుట్టులోని ముక్క తీసుకుని దగ్గరగా చూడు," అన్నారు. చూస్తే అసలు సంగతి అక్కడుంది. యాభై సెకన్లకోసారి వెలుగు మెల్లగా పెరిగి, ఒక్కసారిగా ఎగిసి, పడిపోతోంది. దీన్ని గుండెచప్పుడు స్థితి అంటారు. నాకన్నా ఎన్నో ఏళ్ల ముందే తెలిసిన విషయం, అయినా నా స్క్రీన్ మీద కనబడగానే ఒళ్లు జలదరించింది. బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయువు పళ్లెంలో లోపలి భాగం పొయ్యి మీద పాలలా పొంగుతుంది. రేడియేషన్ ఒత్తిడి ఎక్కువై అక్కడి పదార్థం ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది.

కాబట్టి మీరూ ముందు లైట్ కర్వ్‌తోనే (టైముతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫు) మొదలుపెట్టండి. స్పెక్ట్రమ్ ఫిట్టింగు (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్‌రేలు వచ్చాయో దానికి మోడల్ అమర్చడం) జోలికి మొదటి రెండు నెలలు వెళ్లకండి. అందులో ఏ మోడల్ పెట్టినా ఏదో ఒకటి అతుక్కుంటుంది, మనకు తెలిసినట్టే అనిపిస్తుంది. జీఆర్ఎస్ తీసుకుంటే 2016, 2017 నాటి అబ్జర్వేషన్లు ఎంచుకోండి, 2018 తర్వాత అది బాగా మసకబారింది. లాక్స్‌పీసీలో మూడు డిటెక్టర్లున్నా 20 అనే నంబరున్నదాన్నే వాడండి. 30లో గ్యాసు కారిపోయి 2018లో ఆపేశారు, 10 కొంచెం పేచీ పెడుతుంది.

ఇంకొకటి: పక్కపక్క చుట్టుల ఫైళ్లలో కొంత డేటా రెండుసార్లు వస్తుంది, కలిపేటప్పుడు తీసేయాలి. ఫైళ్లలో టైము 2010 జనవరి 1 నుంచి సెకన్లలో ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడకండి. దించుకునే ముందు హార్డ్ డిస్కులో జాగా చూసుకోండి. నేను మా చెల్లి పెళ్లి వీడియోలు తీసేసి తిట్లు తిన్నాను.