సవతి కొడుకు గెంటేశాడు: 1630 నాటి స్కాట్లాండ్ వితంతువుకు దారేది?

ప్రశ్న: నేను రాస్తున్న నవల 1630 నాటి స్కాట్లాండ్ పల్లెలో నడుస్తుంది. భర్త పోయిన మూడో నెలలో అతని మొదటి భార్య కొడుకు కథానాయికను ఇంట్లోంచి గెంటేసి తాళం వేసుకున్నాడు. ఆమె కోర్టుకు వెళ్లగలదా? ఇల్లు తిరిగి వస్తుందా?

జవాబు: నిక్షేపంగా వెళ్లగలదు. భర్త ఉన్నంతకాలం ఆస్తి పెత్తనం ఆయనదే గానీ, ఆయన పోయాక ఆమె తన పేరునే దావా వేసుకోవచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ అక్కర్లేదు. స్తోమత లేనివాళ్లకు జడ్జే వకీలును పెట్టాలని అక్కడ 1424లోనే చట్టం చేశారు.

మీ కథలో రెండు తగాదాలు కలిసిపోయాయి. ఇల్లు ఎవరిదన్నది ఒకటి, బలవంతంగా గెంటడం రెండోది. నేనైతే రెండోదే ముందు వేయిస్తాను. కోర్టు ఉత్తర్వు లేకుండా గెంటినవాడు ముందు స్వాధీనం తిరిగి ఇవ్వాలి, హక్కు సంగతి తర్వాత. అనుభవించిన కాలానికి నష్టపరిహారం కూడా కట్టాలి. ఈ దావాకు 1579 చట్టం మూడేళ్ల గడువు ఇచ్చింది. మనకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఉన్నది ఆరు నెలలే!

ఇక హక్కు. ఆమె పెట్టెలో ఏ కాగితం ఉందో చూడండి. ఆస్తిని భార్యాభర్తలిద్దరి పేరునా రాసి, ఆ నేల మీదే మట్టి, రాయి చేతికిచ్చి స్వాధీనపరిచే పద్ధతి అప్పట్లో ఉండేది. ఆ పత్రాన్ని అరవై రోజుల్లో రిజిస్టర్ చేయించాలని 1617లో చట్టం తెచ్చారు. అలాంటిది ఉంటే ఇల్లు మొత్తం ఆమె బతికినన్నాళ్లూ ఆమెదే.

లేకపోతే 'టెర్స్', అంటే భర్త భూమిలో మూడో వంతు మీద జీవితకాలపు అనుభవం. ఇది మీకు మంచి సీను. షెరీఫ్ (అక్కడి జిల్లా జడ్జి) జ్యూరీని కూర్చోబెట్టి, పంపకం ఎండ వైపు నుంచా నీడ వైపు నుంచా, అంటే తూర్పు నుంచా పడమర నుంచా అని చీటీ వేస్తాడు. ఆ వైపు నుంచి కొలుస్తూ మొదటి రెండు భాగాలు వారసుడికి, మూడోది ఆమెకు, మళ్లీ రెండు అతనికి... ఇలా పొలం చివరిదాకా. అందులోకి ఇల్లు వస్తుందన్న గ్యారంటీ మాత్రం లేదు. ఊరు పల్లె కావడం మీ అదృష్టం, రాయల్ బరోలు, అంటే రాజు హక్కుపత్రం ఇచ్చిన పట్టణాల్లోని ఇళ్లకు టెర్స్ వర్తించదు.

కొడుకు 'అసలు ఈమె మా నాన్న పెళ్లామే కాదు' అంటాడు, అనక మానడు. భర్త ఉండగా ఊరంతా భార్యగా ఎరిగిన మనిషికి, కాదని తేలేదాకా టెర్స్ ఆపకూడదన్నది 1503 చట్టం. ఒక్కటి చూసుకోండి: పెళ్లయి ఏడాది మీద ఒక రోజైనా గడిచి ఉండాలి, లేదా బిడ్డ పుట్టి ఏడుపు వినిపించి ఉండాలి.

తీర్పు వచ్చినా వాడు ఖాతరు చేయకపోతే సంత కూడలి స్తంభం దగ్గర మూడుసార్లు కొమ్ము ఊది రాజద్రోహిగా ప్రకటిస్తారు. వాడి చరాస్తులు రాజు పరమవుతాయి.

గెలిచినా ఆమెకు దక్కేది అనుభవ హక్కే. ఆ భూమిని అమ్మలేదు, కూతురికి రాసివ్వలేదు. నవల చివర ఆమెతో వీలునామా రాయించే ఆలోచన ఉంటే మానుకోండి.