శాలువా కప్పేముందు

ప్రశ్న: మాది మారతహళ్ళి దగ్గర ఒక తెలుగు సంఘం. మా సభ్యుల్లో కొందరు ఆడవాళ్ళు, ముగ్గురు కాలేజీ పిల్లలు చూపులేని విద్యార్థులకు స్క్రైబులుగా వెళ్ళి పరీక్షలు రాసిపెడుతుంటారు. ఈ ఉగాదికి వేదిక మీద వాళ్ళకి శాలువాలు కప్పి మెమెంటోలు ఇద్దామని కమిటీలో అనుకున్నాం. అందరికన్నా ఎక్కువ పరీక్షలు రాసినావిడ మాత్రం "నాకొద్దు బాబూ, ఆ డబ్బుతో ఇంకేదైనా చేయండి" అనేశారు. మా మీద కోపమా, మొహమాటమా తెలియడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక కార్యదర్శి, బెంగళూరు (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు క్యాలెండరు చూశారా, కార్యదర్శి గారూ? ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తుంది. కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ (పదో తరగతి), పీయూసీ (మన ఇంటర్) పరీక్షలూ అప్పుడే. పొద్దున్నే పరీక్ష హాల్లో ఉండాల్సిన మనిషిని రాత్రి పదిదాకా కూర్చోబెట్టి, ముఖ్య అతిథిగారి ఉపన్యాసం అయ్యాక పిలుస్తామంటే ఎవరైనా వద్దనే అంటారు. మన సంఘాల కార్యక్రమం ఆరింటికని కార్డులో వేస్తే ఎన్నింటికి మొదలవుతుందో మీకు నేను చెప్పాలా!

నేనూ జయనగర్ వైపు కొన్నేళ్ళు ఈ పనికి వెళ్ళినదాన్నే. అందుకని ఆవిడ పక్షాన నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతాను. చూపులేని విద్యార్థికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలున్నాయి. అంటే మూడు గంటల పేపరు రాసేవాళ్ళకి నాలుగు గంటలు. ప్రశ్న చదవాలి, అడిగితే మళ్ళీ చదవాలి, పిల్లాడు చెప్పింది చెప్పినట్టు రాయాలి. అకౌంట్స్ పేపరులో డెబిట్ అనాల్సిన చోట క్రెడిట్ అన్నాడనుకోండి, క్రెడిట్ అనే రాయాలి. చెయ్యి ఆగదు, నోరు ఊరుకోదు. "ఏమన్నావూ?" అని కాస్త సాగదీసి అడిగినా జవాబు అందించినట్టే లెక్క. మధ్యలో "ఆంటీ, ఎన్ని పేజీలయ్యాయి?" అని అడుగుతాడు. అది మాత్రం హాయిగా చెప్పొచ్చు.

బెల్లు కొట్టాక పేపరు ఇచ్చేసి, పిల్లాణ్ణి గేటు దగ్గర వాళ్ళ నాన్నకి అప్పగించి బస్సెక్కుతాం. తర్వాత? వాడు పాసయ్యాడో లేదో చాలామటుకు తెలియదు. ఫలితాలొచ్చిన రోజున వాళ్ళింట్లో సంబరమో దిగులో ఉంటుంది, రాసిపెట్టిన ఆంటీ ఎవరికి గుర్తుంటుంది? తప్పు పట్టడం లేదు. కానీ ఆ కబురు కోసం ఎదురుచూడని స్క్రైబును నేనింతవరకూ చూడలేదు.

మీరు చేయాల్సింది అదే. ఎవరు ఎవరికి ఏ పరీక్ష రాశారో మీ సంఘంలో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. ఫలితాలు రాగానే ఆ పిల్లలకి మీరే ఫోన్ చేసి, వాళ్ళు సరేనంటే, ఆ కబురు రాసినవాళ్ళకి చేరవేయండి. తప్పినా చెప్పండి. సప్లిమెంటరీకి మళ్ళీ వెళ్ళేది ఆవిడే కదా.

సభ కావాలంటే జూన్‌లో పెట్టుకోండి. రాదలచుకున్న పిల్లల్ని పిలిచి మైకు వాళ్ళకే ఇవ్వండి. అంతేగానీ నల్ల కళ్ళద్దాల పిల్లాణ్ణి పక్కన నిలబెట్టి ఫ్లెక్సీ కోసం ఫొటో తీయడం మాత్రం వద్దండీ. వాడు పరీక్ష రాయడానికి వచ్చాడు, మన సేవకి సాక్ష్యం చెప్పడానికి కాదు.

వేదిక దండగని నేననను. మన బెంగళూరులోనే వందల పరీక్షలు రాసిపెట్టిన ఎన్.ఎం. పుష్ప గారికి 2018 నారీ శక్తి పురస్కారం వచ్చింది. ఇలాంటి పని ఒకటుందని, మనమూ వెళ్ళొచ్చని అలాంటి వార్త చూశాకే కొందరికి తెలుస్తుంది. మీ సభకీ ఆ పని అప్పగించండి, కొత్తవాళ్ళ పేర్లు అక్కడికక్కడే రాసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విద్యార్థి తన స్క్రైబును తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబు చదువు విద్యార్థి చదువుకంటే ఒక మెట్టు కిందే ఉండాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టారు. దాంతో ఎమ్మేలు చేసి రిటైరైన మాలాంటివాళ్ళు డిగ్రీ పరీక్షలకి పనికిరాకుండా పోయాం. పాఠాలు చదివి రికార్డు చేసివ్వడమే మా వంతు. పెళ్ళయిందని ఇంటర్‌తోనే చదువు ఆపేసినావిడ మాత్రం డిగ్రీ విద్యార్థికి సరిగ్గా సరిపోతుంది. ఏ చదువు సగంలో ఆగిందని చుట్టాల్లో చిన్నచూపు చూశారో, ఆ చదువే ఇప్పుడు అర్హత! మీ వీధుల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో వెతకండి.

శాలువాల డబ్బు సంగతి. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం వచ్చాక ఇక్కడి ఆడవాళ్ళు మామూలు బీఎంటీసీ సిటీ బస్సులో టికెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. కానీ స్టాపు నుంచి సెంటరుకి ఆటో, ఆధార్ జెరాక్సులు, ఫొటోలు, మధ్యాహ్నం తిండి అన్నీ వాళ్ళ చేతిదే. కాలేజీ మగపిల్లలకైతే ఆ టికెట్టూ బరువే. ఆ ఖర్చులు అడగకముందే ఇచ్చేయండి. ఏ తేదీన ఏ పరీక్ష రాశారో వివరంగా ఒక సర్టిఫికెట్టు ఇస్తే ఉద్యోగాల వేటలో ఆ పిల్లలకి అక్కరకొస్తుంది. "విశిష్ట సేవలు" అని బంగారు అక్షరాలు వేయిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇవన్నీ అయ్యాక శాలువా కూడా కప్పుతామంటే కప్పండి. ఆవిడని మాత్రం ముందు అడగండి.

ప్రశ్న: నేను స్క్రైబుగా వెళ్ళినప్పుడు విద్యార్థి వాళ్ళమ్మగారు గేటు దగ్గర చేతిలో ఐదొందలు పెట్టబోయారు. వద్దంటే నొచ్చుకున్నట్టున్నారు. తీసుకోవాల్సిందా?
– ఒక గృహిణి, విజయనగర్, బెంగళూరు

జవాబు: డబ్బు వద్దనడమే మంచిదమ్మా. ఈసారి ఆవిడ దగ్గర మీరు తీసుకుంటే తర్వాతి తల్లి ఇవ్వలేక ఇబ్బంది పడుతుంది. నొచ్చుకోకుండా ఉండాలంటే "డబ్బు వద్దు, రిజల్టు రాగానే నాకు ఫోన్ చేయండి" అని మీ నంబరు ఇచ్చి రండి. వాళ్ళింటికి రమ్మని కాఫీ ఇస్తే తాగండి. రేపు ఆ విద్యార్థికి ఉద్యోగం వచ్చి స్వీటు డబ్బాతో వస్తే మొహమాటపడకండి, అందులో సగం పక్కింటికి పంచండి.