అమ్మీ, మిద్దె ఎక్కే ముందు ఇది చదువు

అమ్మీ,

నిన్న రాత్రి మిద్దె మీద గంటసేపు దోమలతో కుట్టించుకుని, ఏమీ కనపడక కిందికి దిగి, "చిన్నాయనా, ఇస్రో వాళ్లను ఇంక నమ్మను" అని మెసేజ్ పెట్టావు చూడు, అది చదివి నవ్వొచ్చింది, పాపం అని కూడా అనిపించింది. నువ్వు పంపిన ఫార్వర్డ్ చూశాను. "ఈరోజు రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి రెండు ఉపగ్రహాలు, ఆకాశంలో ఒకదానితో ఒకటి కలుస్తాయి, అందరికీ పంపండి" అని ఉంది. తేదీ లేదు, సంవత్సరం లేదు. అది స్పేడెక్స్ అనే ప్రయోగం గురించి, 2024 డిసెంబర్ 30న దాన్ని మోసుకుపోయిన రాకెట్టు పీఎస్ఎల్‌వీ-సీ60. ఎప్పుడో పోయిన బండి కోసం నువ్వు నిన్న స్టాపులో నిలబడ్డావు. ఇందులో ఇస్రో వాళ్ల తప్పేముంది చెప్పు?

ముప్పై ఏళ్లు బస్టాండులో కంట్రోలర్‌గా కూర్చున్నవాణ్ణి కదా, టైము అనే మాట వింటే నాకు ముందు అనుమానమే పుడుతుంది. బోర్డు మీద రాసిన టైము ఒకటి, బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన టైము ఒకటి, డ్రైవర్ సీట్లో కూర్చున్నాక కండక్టర్ రైట్ చెప్పిన టైము ఇంకొకటి. రాకెట్టు తేదీలు కూడా ఇంతే. "ఈ ఏడాది చివర్లో", "వచ్చే మూడు నెలల్లో" అని పేపర్లో వస్తే అది బోర్డు టైము, చదివి మర్చిపో. విమానాలకు ఫలానా రోజుల్లో సముద్రం మీద ఫలానా చోటికి రావద్దని నోటమ్ అనే హెచ్చరిక ఇస్తారు, ఓడలకు అలాంటిదే వేరేగా ఇస్తారు. నోటమ్ వచ్చిందంటే బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని అర్థం. అందులో కూడా ఒక్క తేదీ ఉండదు, కొన్ని రోజుల గడువు ఉంటుంది. ఆఖర్న లాంచ్ ఆథరైజేషన్ బోర్డు కూర్చుని సరే అంటుంది, దాదాపు ఒక రోజు ముందు కౌంట్‌డౌన్ మొదలవుతుంది. అప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చున్నట్టు. నీ ఫ్రెండ్సుకు చెప్పాలంటే అప్పుడు చెప్పు, అంతకు ముందు చెప్పి పరువు పోగొట్టుకోవద్దు.

అయినా రైట్ చెప్పాక కూడా ఆగుతుంది. 2023 అక్టోబర్ 21న, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం టీవీ-డీ1 అనే పరీక్ష రాకెట్టు పెట్టారు గుర్తుందా? పొద్దున 8 గంటలకు అన్నారు, 8.45 అయింది, కౌంట్‌డౌన్ ఇంక 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. అందరూ ఇంక ఈరోజుకు లేదనుకున్నారు. నేను టీవీ కట్టేసి స్నానానికి పోయాను. 10 గంటలకు ఎగిరింది! అప్పటి నుంచి ఒక రూలు పెట్టుకున్నాను, వాయిదా అని వాళ్లే నోటితో చెప్పేదాకా టీవీ కట్టేది లేదు.

చంద్రయాన్-2 సంగతి మీ నాయన నీకు చెప్పే ఉంటాడు, ఇప్పటికీ దాన్ని పట్టుకుని నన్ను ఆటపట్టిస్తాడు. 2019 జూలై 15, తెల్లవారుజాము 2.51కి ప్రయోగం. షార్‌లో, అదే శ్రీహరికోట ప్రయోగ కేంద్రంలో, జనం కూర్చుని చూసే గ్యాలరీ ఆ ఏడాదే పెట్టారు, అందులో పేరు రాయించుకుని, ముందురోజే బయల్దేరి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బస్సులు మారి సూళ్లూరుపేట చేరాను, అక్కడి నుంచి పులికాట్ నీళ్ల మధ్య రోడ్డు మీద దీవిలోకి. అర్ధరాత్రి దాటింది, ఉక్కపోత, పక్కన ఒక చిన్నపిల్లవాడు వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. కౌంట్‌డౌన్ గడియారం ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆగిపోయింది. కాసేపటికి ఈరోజుకు లేదన్నారు. అరిచినవాళ్లు లేరు, తిట్టినవాళ్లు లేరు, లేచి చెప్పులు వెతుక్కున్నారు అంతే. వారం తర్వాత, 22న మధ్యాహ్నం 2.43కి అది పోయినప్పుడు నాకు డ్యూటీ. బస్టాండులో టీ కొట్టు టీవీలో చూశాను, కౌంటర్ వదిలి వచ్చినందుకు ప్యాసింజర్ల చేత తిట్లు కూడా తిన్నాను. అందుకే చెప్తున్నా, గ్యాలరీకి పోవాలని ఉంటే పో, టికెట్ ఉండదు, ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచిన వెంటనే చేసుకో, ఆధార్ పెట్టుకో, కానీ రెండు రోజుల బట్టలు తీసుకుని పో.

ఇంకొకటి, బయటి దేశాల ప్రయోగాలు చూసేటప్పుడు టైము చాలాసార్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలుపు, తేదీ మారుతుందేమో కూడా చూసుకో. నేను ఒకసారి 21 గంటలు అని చూసి, రాత్రి 9కి టీ పెట్టించుకుని ఫోన్ ముందు కూర్చున్నాను, అసలుది తెల్లవారి రెండున్నరకు, అప్పటికి గురకపెట్టి నిద్రపోతున్నాను. మీ పిన్ని ఆ కథ ఇంకా మర్చిపోలేదు. మనవాళ్లవైతే మన టైములోనే చెప్తారు, ఆ బాధ లేదు. మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి పోయిన ఆక్సియమ్-4 యాత్ర కూడా చూడు, 2025 మే 29 అన్నది జూన్ 25 దాకా జరుగుతూ వచ్చింది, ఒకసారి రాకెట్‌లో ఆక్సిజన్ లీకు, ఇంకోసారి అంతరిక్ష కేంద్రంలోనే లీకు. మనుషులు ఎక్కే బండి అయినప్పుడు ఆ మాత్రం చూసుకోవాల్సిందే.

ఇప్పుడు మన మిద్దె సంగతి. కడప నుంచి శ్రీహరికోటకు నేరుగా గీత గీస్తే 170 కిలోమీటర్లకు కాస్త పైన. పగటిపూట ప్రయోగాలకు మిద్దె ఎక్కొద్దు, ఎండదెబ్బ తప్ప ఏమీ రాదు, టీవీలోనే చూడు. రాత్రివి, తెల్లవారుజామువి మాత్రం వదలొద్దు. నీళ్ల ట్యాంకుకు వీపు ఆనించి ఒంటిమిట్ట వైపు చూడు, దానికి కాస్త కుడిగా, కొండల అంచు మీద. ఫోన్‌లో లైవ్ కొన్ని సెకన్లు వెనకబడుతుంది, కాబట్టి దాన్ని నమ్మకుండా గడియారం చూసుకో. సున్నా అన్న వెంటనే మనకేమీ కనపడదు. ఇంచుమించు ముప్పావు నిమిషం ఖాళీగా ఉంటుంది, అప్పుడే చాలామంది "లేదులే" అని ఫోన్‌లోకి తల దించుతారు. దించొద్దు. స్పేడెక్స్ రోజు నేను చూసింది చెప్తాను, కొండ వెనక ఎవరో పొయ్యి రాజేసినట్టు ముందు ఎర్రటి వెలుగు, తర్వాత నారింజ రంగు చుక్క, నక్షత్రాల కంటే బాగా పెద్దది, అదరకుండా బెదరకుండా కుడి పక్కకు వాలుతూ పైకి పోయింది. రెండు నిమిషాలు కాకముందే మొదటి దశ అయిపోయి చప్పున మసకబారింది, ఆ తర్వాత నలుసంత వెలుగు. చప్పుడు కోసం ఎదురుచూడొద్దు, అంత దూరం మనదాకా రాదు.

పీఎస్ఎల్‌వీ ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని మోసేటప్పుడు శ్రీలంక మీదుగా పోకూడదు కాబట్టి ముందు ఆగ్నేయంగా పోయి తర్వాత దక్షిణానికి మళ్లుతుంది, అందుకే మనకు కుడికి జరుగుతుంది. ఇస్రో పెద్ద రాకెట్లు జీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎం3 బంగాళాఖాతం మీద తూర్పుగా పోతాయి, మనకు వీపు చూపించి పోయినట్టు ఉంటుంది. ఏది ఎటు పోతుందో ముందే తెలిస్తే మేడమెట్ల గది అడ్డం రాకుండా నిలబడొచ్చు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మబ్బులు పట్టి ఉంటాయి, ఆ నెలల్లో పెద్ద ఆశ పెట్టుకోకు.

కంటికి కనపడకపోయాక చప్పట్లు కొట్టి కిందికి దిగేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అసలు పని అప్పుడే మొదలు. ఉపగ్రహం విడిపోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, అంతసేపు లైవ్‌లో రెండు గీతలు చూడు, రాకెట్టు పోవాల్సిన దారి ఒకటి, పోతున్న దారి ఒకటి. ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. 2025 మే 18న పొద్దున 5.59కి పీఎస్ఎల్‌వీ-సీ61 చక్కగా లేచింది, అందరూ సంతోషించారు, మూడో దశలో దెబ్బతిని, అది మోసిన ఈవోఎస్-09 ఉపగ్రహం కక్ష్యకు చేరకుండానే నష్టమైంది. లేవడం చూసి పడుకున్నవాళ్లు "సక్సెస్" అని స్టేటస్ పెట్టుకుని మధ్యాహ్నం చెరిపేసుకున్నారు. ఒక టీవీ చానెల్ అయితే ఎప్పటిదో పాత వీడియో వేసి లైవ్ అని రాసింది, పేరెందుకులే. 1979 ఆగస్టు 10న మొట్టమొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది, మరుసటి ఏడాది జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. నేనప్పుడు బడిలో ఉన్నాను, రేడియోలో విన్నాను.

హాల్లో బీరువా పై అరలో నీలం అట్ట నోటుబుక్కు ఉంది, తీసుకో. చెప్పిన తేదీ, పోయిన తేదీ, ఎందుకు ఆలస్యమైంది, మబ్బా కాదా, అన్నీ అందులో రాశాను, నా రాత నీకు అర్థమైతే. మిగిలిన పేజీలు నువ్వు రాయి. నిన్నటిది కూడా రాసుకో, "పాత ఫార్వర్డ్, దోమలు" అని.

మిద్దె తలుపు తాళం కింది పోర్షన్ వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు 9కే పడుకుంటారు, రాత్రి ప్రయోగం ఉన్న రోజు సాయంత్రమే అడిగి తీసుకో.

మీ చిన్నాయన