టీచరుగా రిటైరై, చివరిదాకా అందరితో పాడించిన 92 ఏళ్ల మనిషి గురించి సభలో ఏం చెప్పాలి?

మీ నాన్నగారు 92 ఏళ్లు బతికారు, 58కి టీచరుగా రిటైరయ్యారు, అప్పట్నుంచి చుట్టుపక్కల వాళ్లని కూర్చోబెట్టుకుని పాడిస్తూనే ఉన్నారు, సంస్మరణ సభలో చదవడానికి రెండు పేజీలు రాయాలంటే ఏది ఉంచాలో ఏది వదలాలో తోచడం లేదన్నారు. మా పిన్ని పోయినప్పుడు ఇదే పని నా మీద పడింది. ఆవిడ లెక్కల టీచరు, వయొలిన్ వాయించేది, 91 ఏళ్లు బతికింది.

నా సలహా ఒక్కటే, రిటైరైన తర్వాతి కాలానికి సగం చోటు ఇవ్వండి. 58 నుంచి 92 అంటే 34 ఏళ్లు, ఉద్యోగం చేసిన కాలం కూడా దాదాపు అంతే కదా. కానీ రాయడం మొదలుపెడితే పుట్టుక, చదువు, మొదటి పోస్టింగు, ప్రమోషన్ అంటూ పేజీన్నర అక్కడే అయిపోతుంది, మిగిలిన 34 ఏళ్లకీ ‘విశ్రాంత జీవితంలో సంగీత సేవ చేశారు’ అని ఒక్క లైను దక్కుతుంది. ఇది మన తప్పు మాత్రమే కాదు. పెద్దవయసు వాళ్లు గతం చెప్పుకుంటే ఎక్కువగా పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు సంగతులే చెబుతారని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు ఎప్పుడో గమనించారు. అంటే ఇంట్లో మీరు పదేపదే విన్న కథలన్నీ ఆయన కుర్రతనంవే అయ్యుంటాయి. డెబ్బైల్లో, ఎనభైల్లో ఆయన ఎలా ఉండేవారో ఆయనతో కలిసి పాడినవాళ్లని అడిగితేనే తెలుస్తుంది.

అడిగేటప్పుడు మాత్రం ‘సార్ ఎలాంటివారు?’ అని అడక్కండి. చాలా మంచివారు, క్రమశిక్షణ గలవారు అంటారు, నిజమే అయినా అది ఏ టీచరుకైనా సరిపోతుంది. ‘ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో ఇప్పటికీ చేస్తున్నదేమిటి?’ అని అడగండి. పిన్ని దగ్గర చదువుకున్న ఒకావిడ, ఇప్పుడు ఆవిడకీ జుట్టు నెరిసింది, ఏ లెక్క చేసినా జవాబు నుంచి వెనక్కి వచ్చి సరిచూసుకోకుండా కాగితం మూయలేనని చెప్పింది. ఆ తర్వాత పాటల బృందంలో ఒకాయన్ని అడిగితే, పిన్ని ఏ పాటైనా చివరి లైను ముందు నేర్పేదట, అక్కడి నుంచి ఒక్కో లైనూ వెనక్కి వచ్చేదట. వరసలో నేర్చుకుంటే మొదటి లైను వందసార్లు వస్తుంది, చివరికొచ్చేసరికి అలిసిపోయి ఉంటాం, అందుకే చాలామంది పాట బాగా ఎత్తుకుని చివర్లో నీళ్లు నములుతారని ఆవిడ వాదన. ఈ ఇద్దరికీ ఒకరికొకరు తెలియదు, కానీ ఇద్దరూ చెప్పింది ఒకే మనిషి గురించి. టీచరు వేరు, సంగీతం మనిషి వేరు అని రెండు భాగాలు చేసి రాయాల్సిన పని లేదని నాకు అక్కడే అర్థమైంది.

ఇంట్లో నోటు పుస్తకాలు ఉంటే దయచేసి ఒక్కటి కూడా పారేయకండి. పిన్ని పుస్తకంలో ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ల శ్రుతి, అంటే వాళ్ల గొంతుకి సరిపోయే ఎత్తు, అంకెలో రాసి ఉండేది, అంకె తగ్గితే శ్రుతి దిగినట్టు. ఒక పేరు పక్కన ‘ఐదున్నర’ కొట్టేసి ‘ఐదు’, కొన్నేళ్లకి అదీ కొట్టేసి ‘నాలుగున్నర’, ఇంకు రంగు కూడా మారింది. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది, మగవాళ్లకి బాగా పెద్దవయసులో కాస్త పైకి కూడా పోవచ్చు. ‘మీ గొంతు తగ్గింది’ అని ఎవర్నీ అనకుండా, శ్రుతిని వాళ్ల కోసం దించుతూ పోయింది ఆవిడ. తన పేరు పక్కన చివర్లో ‘వయొలిన్ మాత్రమే’ అని రాసుకుంది. నేను సభలో ఆ పేజీ గురించే ఎక్కువసేపు చెప్పాను.

ఇక పాత క్యాసెట్లు. వాటిని తొందరగా డిజిటల్ చేయించండి, కానీ హడావుడిగా వద్దు. టేపు మీద బూజు కనిపించినా, తిరిగేటప్పుడు కీచుమన్నా ఇంట్లో వేయకుండా తెలిసినవాళ్లకి ఇవ్వండి. కాపీ శబ్దాన్ని కుదించని వావ్ ఫైలుగా, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉండాలి, ఎంపీ3 పంచుకోవడానికి చేసుకోండి. రొద తీసేయడాలు, శుభ్రం చేయడాలు ఏవైనా ఉంటే కాపీ మీదే, అసలు ఫైలు ముట్టుకోవద్దు. వేగం కూడా చూసుకోండి. డెక్కు, అంటే క్యాసెట్ వేసే యంత్రం, ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి అర మెట్టు పైకి పోతుంది, గొంతు కూడా పలచబడి వేరేవాళ్లదిలా వినిపిస్తుంది. మాకు ఆ నోటు పుస్తకమే సాయపడింది, అందులో రాసిన శ్రుతికీ టేపుకీ తేడా రావడంతో వేగం సరిచేయించాం, అప్పుడు వచ్చింది పిన్ని అసలు గొంతు. పాటకీ పాటకీ మధ్య మాటల్ని కత్తిరించనివ్వకండి. ‘ఆ, మళ్లీ, రెండో అక్షరం దగ్గర తొందరపడుతున్నారు’ అనే ముక్కల్లోనే మీ నాన్నగారు ఎక్కువ దొరుకుతారు.

చివరి ఏళ్లలో ఆయనకి చెవులు సరిగా వినిపించకపోయి ఉంటే అదీ రాయండి, దాచాల్సిన విషయం కాదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది ఎక్కువ ఫ్రీక్వెన్సీల శబ్దం, అందుకే స, ష, త లాంటివి కలిసిపోయి మాట అర్థం కాదు, కానీ పాట వరస మాత్రం చాలాకాలం తెలుస్తుంది. పిన్ని మా ప్రశ్నలకి సంబంధం లేని జవాబులు చెప్పేది, బృందంలో ఒకరు శ్రుతి తప్పితే మాత్రం వయొలిన్ కమాను ఎత్తి అటు చూసేది.

రాసింది ముందే ఒకసారి పైకి చదివి టైము చూసుకోండి, చదువుతుంటే గొంతు పూడుకుపోయే చోట్ల ఆగడానికి కాస్త ఎక్కువ పెట్టుకోండి, పది నిమిషాలు దాటుతుంటే డిగ్రీలు, పోస్టింగుల పేరా తీసేయండి. అవి కావాలనుకునేవాళ్లకి కాగితం మీద అచ్చు వేసి ఇవ్వొచ్చు.