గ్లూటెన్, పాలు రెండూ లేని హాట్ చాక్లెట్ ఎలా దొరుకుతుంది?

గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే ప్రోటీనూ, పాల పదార్థాలూ రెండూ పడనివారు హాట్ చాక్లెట్ పొడి కొనేముందు గమనించవలసినది ఏమిటంటే, తీపి కలపని శుద్ధమైన కోకో పొడిలో స్వతహాగా ఈ రెండూ ఉండవు. చిక్కంతా దానికి కలిపేవాటితోనే వస్తుంది. హార్లిక్స్ వంటి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) పానీయాలలో బార్లీ, గోధుమ, పాలపొడి ఉంటాయి కనుక, చాక్లెట్ రుచి ఉన్నంత మాత్రాన అవి పనికిరావు. కాఫీ దుకాణాలలో వాడే సిద్ధమిశ్రమాలలోనూ పాలపొడి తరచుగా కలుస్తుంది.

మన దేశంలో గ్లూటెన్ రహితమని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అయితే లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేదన్న ప్రకటనను నమ్మి మోసపోవద్దు. అందులో పాల ప్రోటీన్ అలాగే ఉంటుంది. పదార్థాల జాబితాలో వే (whey), కేసీన్ అనే పాల ప్రోటీన్ల పేర్లు గానీ, మిల్క్ సాలిడ్స్, మాల్ట్ అన్న మాటలు గానీ కనబడితే పక్కన పెట్టండి. ఓట్స్ పాలు కూడా, గ్లూటెన్ రహితమన్న ముద్ర లేకపోతే, గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారికి క్షేమం కాదు.

నా దృష్టిలో ఇంట్లో చేసుకోవడమే మేలు. రెండు చెంచాల కోకో పొడిని, తగినంత పంచదారను కొద్ది వేడినీటితో ఉండలు లేకుండా కలిపి, ఆపై గ్లాసెడు పలుచని కొబ్బరిపాలు పోసి, మరగనివ్వకుండా సన్నని సెగ మీద వేడిచేయాలి. మరిగితే కొబ్బరిపాలు విరిగినట్లవుతాయి. గోదావరి జిల్లాలలో కోకోను కొబ్బరితోటల్లోనే అంతరపంటగా పండిస్తారు, కాబట్టి ఈ జోడీ మనకు మరీ కొత్తదేమీ కాదు.