వంపు మైక్రోబీమ్ గీసే ముందు

చి. లలితకు బాబాయి ఆశీస్సులు.

వంపు మైక్రోబీమ్‌తో, అంటే వోల్టేజీ ఇస్తే ఎదుటి ఎలక్ట్రోడ్ వైపు వంగే సన్నని వంపు కడ్డీతో, స్విచ్ చేయబోతున్నావు కదా, వోల్టేజీ లెక్కతో మొదలుపెట్టకు. వంపు ఎత్తుకూ బీమ్ మందానికీ ఉన్న నిష్పత్తి ఎంత, ఎలక్ట్రోడ్ దాకా ఖాళీ ఎంత, ముందు ఈ రెండూ తేల్చుకో. బీమ్ నడత వీటిలోనే ఉంది.

రెండు చివరలూ బిగించి, ఎలక్ట్రోడ్‌కు ఎడంగా వంచిన కొసైన్ ఆకారపు బీమ్ తీసుకో. ఒకే మోడ్‌తో (బీమ్ ఒకే ఆకారంలో వంగుతుందనుకుని) లెక్కకడితే నిష్పత్తి 1.15 దాటాకే స్నాప్-త్రూ, అంటే బీమ్ ఒక్కసారిగా అవతలి పక్కకు దూకడం, వస్తుంది. 2.31 దాటిందంటే వోల్టేజీ తీసేసినా బీమ్ అవతలి పక్కనే నిలిచిపోతుంది. మొదటి హద్దును స్థిరవిద్యుత్ బలం కొంత జరుపుతుంది. రెండోది వోల్టేజీ సున్నా దగ్గరి సంగతి కాబట్టి ఖాళీ ఎంతున్నా మారదు.

ఇప్పుడు కొలతలతో చూద్దాం. సిలికాన్ బీమ్ పొడవు 1000 మైక్రాన్లు, మందం 2, వంపు 4, యంగ్ మాడ్యులస్ (పదార్థం బిగువు) 169 గిగాపాస్కల్. బిగింపు గీత (బిగించిన రెండు చివరలనూ కలిపే గీత) నుంచి ఎలక్ట్రోడ్‌కు ఖాళీ 10 మైక్రాన్లు పెడితే స్నాప్ 92 వోల్టుల దగ్గర వస్తుంది, పుల్-ఇన్ (బీమ్ ఎలక్ట్రోడ్ మీదికే లాక్కుపోయే వోల్టేజీ) దానికి 2 శాతం మాత్రమే పైన ఉంటుంది. అంటే బీమ్ దూకిన ఊపులోనే వెళ్లి ఎలక్ట్రోడ్‌కు అతుక్కుపోవచ్చు. ఖాళీని 12 చెయ్యి: స్నాప్ 108 వోల్టులకు పెరుగుతుంది, కానీ పుల్-ఇన్ దానికి 40 శాతం పైకి వెళ్లిపోతుంది. 16 వోల్టులు ఎక్కువైతే అయ్యాయి, ఈ బేరం వదులుకోకు. ఇవి అంచుల దగ్గర చెదిరే విద్యుత్ క్షేత్రాన్ని కలపని అంకెలు. బీమ్ వెడల్పు ఖాళీకి రెండు మూడు రెట్లే ఉంటే అసలు వోల్టేజీలు వీటికన్నా తక్కువ వస్తాయి, ఫైనైట్ ఎలిమెంట్‌తో (బీమ్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే కంప్యూటర్ లెక్కతో) సరిచూసుకో.

చాలా డిజైన్లు చెడేది ఎచ్చింగ్‌లో, అంటే సిలికాన్‌ను తొలిచి ఆకారం తీసేటప్పుడు. మాస్క్ (ఆకారం గీసిన నమూనా పలక) మీద 2 మైక్రాన్లు గీస్తావు, ఎచ్చింగ్ రెండు పక్కలా 0.15 చొప్పున తినేస్తే మిగిలేది 1.7. వంపు మాత్రం 4 గానే ఉంటుంది, దాంతో నిష్పత్తి 2 నుంచి 2.35కు చేరుతుంది. వెనక్కి రావాలని గీసిన బీమ్, ఆ ఒకే మోడ్ లెక్క ప్రకారం, అవతలే నిలిచిపోతుంది! వంగుడు దృఢత్వం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదీ దాదాపు 39 శాతం పడిపోతుంది. అందుకే ముందు పరీక్ష ముక్క ఎచ్ చేసి, కోసి, మందం కొలిచి, ఆ తేడా మాస్క్‌లో కలుపు. ఫిల్మ్‌లో (బీమ్ తీసిన పొరలో) సంపీడన ఒత్తిడి మిగిలి ఉంటే, బీమ్‌ను కింది పొర నుంచి విడిపించాక వంపు ఇంకా పెరుగుతుంది, దాన్నీ కొలువు.

లెక్క చేసేటప్పుడు వోల్టేజీని మెట్లు మెట్లుగా పెంచుతూ పోతే స్నాప్ దగ్గర న్యూటన్ పద్ధతి (సమీకరణాన్ని అంచెలంచెలుగా సాధించే పద్ధతి) ఆగిపోతుంది. నడిమి స్థానభ్రంశం నువ్వే ఇచ్చి, దానికి సరిపడే వోల్టేజీ కనుక్కో. వోల్టేజీ-స్థానభ్రంశ వక్రం కిందికి దిగే భాగం కూడా వచ్చేస్తుంది. నిష్పత్తి 2 దగ్గరికి వచ్చాక ఒక్క సౌష్ఠవ మోడ్ చాలదు. లోపలి సంపీడనం రెండో మోడ్ (S ఆకారపు వంపు) బక్లింగ్ హద్దుకు, అంటే బీమ్ ఆ ఆకారంలోకి ఒరిగిపోయే బలానికి, చేరితే బీమ్ ఒక పక్కకు ఒరిగి, లెక్క చెప్పినదానికన్నా ముందే దూకుతుంది. ఆ రెండో మోడ్‌నూ, రవంత అసౌష్ఠవాన్నీ కలిపి చూడు.

పరీక్షలో బీమ్‌కు వరుసగా 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టు, తగిలినా కాలిపోదు. ఎలక్ట్రోడ్ ముందు స్టాపర్ (బీమ్‌ను ఆపే అడ్డు) ఉంచు, అది బీమ్ పొటెన్షియల్‌లోనే ఉండాలి. వోల్టేజీ నెమ్మదిగా పెంచు. ఒక్కసారిగా ఇస్తే జడత్వం వల్ల తక్కువ వోల్టేజీకే దూకుతుంది, స్థిర విలువ దొరకదు. తగ్గించేటప్పటి అంకెలూ రాసుకో. పై కొలతల బీమ్ స్నాప్ వోల్టేజీలో మూడోవంతుకు కాస్త పైన వెనక్కి రావాలి. సున్నాకు దించినా రాకపోతే మైక్రోస్కోప్‌లో చూడు. స్టాపర్‌ను తాకి ఉంటే దానికి అతుక్కుపోయినట్టు. తాకకుండా గాలిలో నిలిచి ఉంటే నిష్పత్తి 2.31 దాటింది, బీమ్ మందం మళ్లీ కొలువు.