కిడ్నీ ధమనులకు ఆనుకున్న ఉబ్బు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పొట్టలోని పెద్ద ధమని 6 సెంటీమీటర్ల మేర ఉబ్బిందనీ, ఆ ఉబ్బు కిడ్నీ ధమనులకు ఆనుకునే మొదలైందనీ స్కానింగులో తేలింది. మామూలు స్టెంటు కుదరదు, కిటికీలున్న స్టెంటు ప్రత్యేకంగా చేయించాలి, అందుకు కొన్ని వారాలు పడుతుందంటున్నారు. అన్నాళ్లు ఆగవచ్చా? అది వేశాక ఇక భయం ఉండదా?

జవాబు: పొట్టలో బృహద్ధమని వెడల్పు సాధారణంగా 2 సెంటీమీటర్లు. అది 3 సెంటీమీటర్లకు చేరితే అనూరిజం అంటారు. పురుషుల్లో 5.5, స్త్రీలలో 5 సెంటీమీటర్లకు చేరాక పగిలే ముప్పు ఎక్కువ కనుక చికిత్స సూచిస్తారు. మీ నాన్నగారి విషయంలో ఆ హద్దు దాటింది.

గజ్జల్లోని ధమని గుండా గుడ్డ తొడుగున్న స్టెంటును పంపి, పొట్ట కోయకుండా ఈ ఉబ్బును సరిచేసే పద్ధతిని 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడీ మొదలుపెట్టారు. ఆ స్టెంటు పై అంచు ఆరోగ్యంగా ఉన్న గోడను గట్టిగా పట్టుకుంటేనే రక్తం ఉబ్బులోకి పోకుండా ఆగుతుంది. అందుకు కిడ్నీ ధమనుల కింద కనీసం 10 నుంచి 15 మిల్లీమీటర్ల మంచి గోడ కావాలి. మీ నాన్నగారికి లేనిది అదే. పోనీ స్టెంటును పైకి జరుపుదామంటే కిడ్నీలకూ పేగులకూ వెళ్లే ధమనుల నోళ్లు మూసుకుపోతాయి. అందుకే ఆ నోళ్లకు సరిగ్గా ఎదురుగా తొడుగులో కిటికీలు ఉంచి, ఒక్కో కిటికీలోంచి ఒక్కో ధమనిలోకి చిన్న స్టెంటు అమరుస్తారు. ప్రతి మనిషిలో ఈ నోళ్ల స్థానం వేరు కనుక, సీటీ యాంజియోగ్రామ్‌లో మిల్లీమీటరుతో సహా కొలిచి తయారుచేయించాల్సి వస్తుంది.

నొప్పి లేకుండా నిలకడగా ఉంటే, తొందరపడి అమరని స్టెంటు వేయించడం కన్నా ఆ వారాలు ఆగడమే మేలని నా అభిప్రాయం. ఈలోగా పొగ తాగే అలవాటుంటే పూర్తిగా మానాలి, రక్తపోటు అదుపులో ఉండాలి. పొట్టలోగాని నడుములోగాని హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చండి. అప్పుడు కిటికీల స్టెంటు కోసం ఎదురుచూడరు, సిద్ధంగా ఉన్న మరో పద్ధతిలోనో, పొట్ట తెరిచో చికిత్స చేస్తారు.

భయం పూర్తిగా తీరుతుందని మాత్రం చెప్పలేను. కిడ్నీల పనితీరు తగ్గవచ్చు. బృహద్ధమనిని ఎంత పొడవున కప్పితే వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు చచ్చుబడే ముప్పు అంత పెరుగుతుంది. స్టెంటు పక్కనుంచో, దాని భాగాలు కలిసే అతుకుల దగ్గరో రక్తం మళ్లీ ఉబ్బులోకి కారవచ్చు. దీన్నే ఎండోలీక్ అంటారు. ఇది ఏళ్ల తరువాత కూడా, ఏ బాధా తెలియకుండా రావచ్చు కాబట్టి, జీవితాంతం క్రమం తప్పకుండా స్కానింగు చేయించాలి. బాగానే ఉన్నాం కదా అని మానేయడం ప్రమాదం. ఒంట్లో సత్తువ బాగా ఉన్నవారికి పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ ఇప్పటికీ మన్నికైన మార్గమే కనుక, మీ నాన్నగారికి అది ఎందుకు వద్దన్నారో, ఇలాంటి స్టెంట్లు వేయడంలో ఆ వైద్యబృందానికి ఎంత అనుభవముందో నిస్సంకోచంగా అడగండి.

మరొక మాట. ఈ జబ్బు కుటుంబాల్లో రావడం కద్దు. ఆయన తోబుట్టువులూ, వయసు వచ్చాక మీరూ ఒకసారి పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించుకోవడం గురించి అదే వైద్యుడితో మాట్లాడండి.